ఇంకో మాత్ర వేసుకున్న రాత్రి

పొద్దున్న బాగానే ఉండేదాన్ని. సాయంత్రానికి రెప్పలు వాలిపోయేవి, ఒక్కటి రెండుగా కనిపించేది. మొదట చూసిన డాక్టర్ తల కూడా ఎత్తకుండా, "టెన్షన్ తగ్గించుకోమ్మా, నిద్రపోతే అదే పోతుంది" అన్నారు. ఆ మాటకి ఎనిమిది నెలలు పోయాయి. ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు.

రెండో డాక్టర్ వాలిన రెప్ప మీద రెండు నిమిషాలు ఐసు పెట్టి తీశారు. రెప్ప లేచింది! రక్తపరీక్షలు అయ్యాక పేరు చెప్పారు: మయస్థీనియా గ్రావిస్. నరం చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, కండరం మీది గ్రాహకాలను తాకితేనే కండరం కదులుతుంది. ఆ గ్రాహకాలను, రోగాలతో పోరాడాల్సిన నా ఒంట్లోని యాంటీబాడీలే పాడుచేస్తున్నాయి. ఎసిటైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమును నాకు రాసిన మందు పిరిడోస్టిగ్మిన్ ఆపుతుంది, దాంతో మిగిలిన గ్రాహకాల దగ్గర అది ఇంకాసేపు నిలుస్తుంది. మొదటి 60 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్న ముప్పావు గంటకి అద్దంలో నా రెండు కళ్లూ సమానంగా కనిపించాయి. ఏడ్చేశాను. 1934లో ఈ జాతి మందును ఈ జబ్బుకి వాడి చూపిన డాక్టర్ మేరీ వాకర్‌కి మనసులోనే దండం పెట్టుకున్నాను.

తర్వాత ఒకసారి జలుబు చేసి నీరసం పెరిగింది. మందు చాలట్లేదనుకుని, ఎవరికీ చెప్పకుండా గంట గంటకీ ఇంకోటి వేసుకున్నాను. అర్ధరాత్రికి నోటినిండా లాలాజలం, మింగలేను. దిండు తడిసిపోయింది. కడుపు మెలిపెడుతోంది, చెమటలు, పిక్కల్లో చర్మం కింద పురుగులు పాకినట్టు అదురు. పడుకుంటే ఊపిరి అందట్లేదు. "అక్కా" అని పిలవబోతే ముక్కులోంచి గాలి తప్ప మాట రాలేదు. గ్లాసు తీసుకుని మంచానికేసి కొట్టాను. అక్క పరుగున వచ్చింది.

ఆసుపత్రిలో ఊపిరి బలం చూడ్డానికి ఒక్క ఊపిరిలో అంకెలు చెప్పమన్నారు. తొమ్మిది దగ్గర ఆగిపోయాను. ఐసీయూ, గొట్టాలు, అదంతా మసక.

ఎసిటైల్‌కోలిన్ మరీ పేరుకుపోతే కండరం దానికి పలకడం మానేస్తుందట. మందు తక్కువైనా నీరసమే, ఎక్కువైనా నీరసమే. ఈ ఒక్క ముక్క చీటీ రాసిన రోజే చెప్పి ఉండొచ్చు కదా! ఈ జబ్బున్నవాళ్లు డోసు సొంతంగా పెంచకండి. ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా జబ్బు పేరు ముందే చెప్పండి, కొన్ని యాంటీబయాటిక్‌లూ మెగ్నీషియం ఇంజెక్షనూ మనకి ప్రమాదం.

ఇప్పుడు రోజూ పడుకునే ముందు ఒక్క ఊపిరిలో లెక్కపెడతాను. పక్కగదిలోంచి అక్క కూడా నాతోపాటే లెక్కపెడుతుంది. నిన్న రాత్రి 31 దాకా వెళ్లాను.