0.1 వోల్టు

శనివారం, కోయంబత్తూరు

డైనో (బండిని రోలర్ల మీద నడిపి ఇంజిన్ బలం కొలిచే యంత్రం) దగ్గర నాకిచ్చిన టైము మధ్యాహ్నం రెండున్నర. పొద్దున్న ఆరింటికే షెడ్డు తెరిచాను. నా మారుతి ఎస్టీమ్ కారులో ఒక చిక్కు మిగిలిపోయింది, అది తేలకుండా బండిని రోలర్ల మీదకి ఎక్కించడం నాకిష్టం లేదు. రేడియేటర్ ఫ్యాన్ ఆన్ అయినప్పుడల్లా ఐడ్లింగ్‌లో మిక్చర్ రిచ్ (గాలికి పెట్రోలు పాలు ఎక్కువ) అవుతోంది, ఆగగానే మామూలైపోతోంది. ఫ్యాన్‌కీ పెట్రోలుకీ సంబంధం ఉండకూడదు. ఉందంటే ఏదో ఒక సెన్సర్ అబద్ధం చెబుతోందన్నమాట.

ఈ వైరింగ్ కిట్ బండితో పాటే వచ్చింది. ముందు ఓనర్ ఎవరిచేతో చేయించుకున్నది. పైకి చూడ్డానికి నీటుగానే ఉంది, టేపు చుట్టిన తీరు బాగుంది. కానీ మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి ఒత్తిడి కొలిచేది), థ్రాటిల్ సెన్సర్, కూలెంట్ సెన్సర్ మూడింటి ఎర్తు వైర్లూ తెచ్చి ఇంజిన్ బ్లాకు మీద ఒక బోల్టు కింద బిగించారు. ఫ్యాన్ ఎర్తు కూడా ఆ పక్కనే. మల్టీమీటర్ నల్ల ప్రోబు ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) సెన్సర్ ఎర్తు పిన్ను మీద, ఎర్రది మ్యాప్ సెన్సర్ ఎర్తు పిన్ను మీద పెట్టి చూశాను. ఫ్యాన్ ఆగి ఉంటే 0.01. ఫ్యాన్ తిరిగితే 0.1 వోల్టు.

లైటు వెలగడానికైతే 0.1 వోల్టు లెక్కలోకి రాదు. కానీ నా మ్యాప్ సెన్సర్ ఒక్కో కిలోపాస్కల్‌కి 20 మిల్లీవోల్టులే మారుతుంది. అంటే ఐడ్లింగ్‌లో 35 కిలోపాస్కల్స్ చూపించాల్సింది 40కి దగ్గరగా చూపిస్తుంది. ఇంజిన్‌లోకి నిజంగా వెళ్ళే గాలి అంతే ఉన్నా, ఈసీయూ మాత్రం ఎక్కువ వెళ్ళిందనుకుని పన్నెండు శాతానికి పైనే పెట్రోలు ఎక్కువ కొడుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఈ తేడా ఐదు శాతం దాకా తగ్గుతుంది. నాకు అసలు భయం అక్కడే. డైనో మీద ఫ్యాన్ తిరుగుతూ ఉండగా ల్యాంబ్డా (గాలి-పెట్రోలు పాళ్ళ కొలత; 1 అంటే సరిగ్గా, తక్కువైతే రిచ్, ఎక్కువైతే లీన్) 0.88కి సెట్ చేసి ఇంటికి వస్తాం. ట్రాక్ మీద గాలి బాగా తగిలి ఫ్యాన్ ఆగిపోతుంది. అప్పుడు అదే సెట్టింగ్ 0.92కి లీన్ అవుతుంది, అదీ ఇంజిన్ అన్నిటికన్నా వేడిగా, గట్టిగా పనిచేస్తున్నప్పుడు. పిస్టన్లు పాడైన కథలు చాలావాటికి మొదలు ఇలాంటి చోటే ఉంటుందని నా నమ్మకం.

టేపు మొత్తం విప్పేశాను. మూడు సెన్సర్ల ఎర్తులూ ఒక చోట కలిపి, అక్కడి నుంచి ఒకే వైరు నేరుగా ఈసీయూ సెన్సర్ ఎర్తు పిన్నుకి లాగాను. బ్లాకుకి గానీ బాడీకి గానీ ఎక్కడా తగలకూడదు. జాయింట్లన్నీ క్రింపింగే, సోల్డరింగ్ పెట్టలేదు. సోల్డర్ వైరు లోపలికి పీల్చుకుపోయి గట్టిపడుతుంది. అది ఆగిన చోట వైబ్రేషన్‌కి తీగలు ఒక్కొక్కటే తెగిపోతాయి. క్రింపింగ్ టూలు మంచిది ఖరీదే, అయినా ఈ పనికి దానితో రాజీ పడకూడదు.

కిట్ ఎలాగూ విప్పాను కాబట్టి క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ ఎంత తిరిగిందో చెప్పేది) వైరు కూడా చూశాను. పుల్లీ మీద 36 పళ్ళ చక్రం, అందులో ఒక పన్ను ఖాళీ. 6,000 ఆర్‌పీఎమ్ దగ్గర సెకనుకి 3,500 పల్సులు వస్తాయి. ఒక్కో పన్ను అంటే 10 డిగ్రీలు. కాయిల్ నుంచి ఒక దొంగ పల్సు ఆ వైరులోకి దూరిందంటే, ఈసీయూ కనిపెట్టి సింక్ తెంపేయాలి (పళ్ళ లెక్క వదిలేసి మళ్ళీ మొదలుపెట్టాలి), లేదంటే స్పార్క్ 10 డిగ్రీలు తప్పు చోట పడుతుంది. వైరు షీల్డు రెండు చివరలా ఎర్తు చేసి ఉంది. సెన్సర్ వైపు తీసేసి, ఈసీయూ వైపు ఒక్కటే ఉంచాను. కాయిల్ వైర్లకి దూరంగా, ఇంజిన్ అవతలి పక్క నుంచి తిప్పి తెచ్చాను.

కూలెంట్ సెన్సర్‌ని నిన్న రాత్రే వంటింట్లో ఐసు నీళ్ళలో ఒకసారి, మరిగే నీళ్ళలో ఒకసారి ముంచి ఓమ్స్ రాసుకున్నాను. ఈ ఊరు సముద్రమట్టానికి 400 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్ళు 100 దాకా పోవు, 98 దాటాక మరుగుతాయి. మ్యాప్ సెన్సర్ పరీక్ష కూడా ఈ ఎత్తుతోనే. కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూస్తే బయటి గాలి ఒత్తిడి, అంటే 96, 97 కిలోపాస్కల్స్ మధ్య చూపించాలి. 101 చూపించిందంటే అది సముద్రతీరపు లెక్క, ఇక్కడిది కాదు. కిట్ బిగించాక చూస్తే 96.6. ఫ్యాన్ ఆన్ చేశాను. 96.6. హెడ్‌లైట్లు వేశాను. 96.6. ఆ అంకె కదలకుండా నిలబడటం చూసి ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

డైనో గది గోడ మీద కరివర్ధన్ ఫొటో ఉంది. మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి అనే సింగిల్ సీటర్ చేసి, ఎందరో కుర్రాళ్ళకి రేసింగ్‌లోకి దారి వేసిన కోయంబత్తూరు మనిషి. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. ఇక్కడి కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదే ఉంది. మన బజార్లో దొరికే ఇంజిన్‌తోనే వేగం సాధించవచ్చని చూపించినవాళ్ళంటే నాకు చాలా గౌరవం.

డైనో నడిపే అన్న ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడతారు. బెల్టులు బిగించి, నాలుగో గేర్లో మొదటి రన్ ఆయనే తీశారు. నేను ల్యాప్‌టాప్‌లో ల్యాంబ్డా చూస్తూ కూర్చున్నాను. ఏఎఫ్‌ఆర్ (గాలి-పెట్రోలు నిష్పత్తి) అంకెలు చూడటం మానేశాను. 14.7 అనేది ఇథనాల్ లేని పెట్రోలు లెక్క, ఇప్పుడు బంకుల్లో పోసే ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) అది పనికిరాదు. ల్యాంబ్డా అయితే పెట్రోలు మారినా 1 అంటే 1 అనే అర్థం.

పెట్రోలు టేబుల్ తొందరగానే కుదిరింది. స్పార్క్ టైమింగ్ దగ్గరే ఆలస్యం. ఒక్కో డిగ్రీ పెంచడం, రన్ తీయడం, గాలి చల్లబడేదాకా ఆగడం. బ్లాకుకి బిగించిన మైకు నుంచి వచ్చే శబ్దం అన్న హెడ్‌ఫోన్స్‌లో వింటున్నారు. 28 డిగ్రీలు దాటాక టార్క్ పెరగడం ఆగింది. నాకింగ్ (మిక్చర్ దానంతటదే పేలే టకటక శబ్దం) వినబడలేదు. అయినా టార్క్ ఇవ్వని డిగ్రీని ఉంచుకోవడం ఎందుకు? 26కి తగ్గించాం. మే నెలలో ఇన్‌టేక్ గాలి ఇవాల్టికన్నా వేడిగా ఉంటుంది, అప్పుడు నాకింగ్ సులువుగా వస్తుంది.

ఆ తర్వాత క్యామ్ పుల్లీ, అంటే వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చేది. మామూలు పొజిషన్లో చక్రాల దగ్గర 81 హార్స్‌పవర్. మూడు డిగ్రీలు ముందుకి తిప్పితే 79. కానీ 3,500 నుంచి 5,500 దాకా టార్క్ గీత మొత్తం ఐదారు న్యూటన్ మీటర్లు పైకి లేచింది.

"ఏది ఉంచేది తమ్ముడూ?" అన్నారు.

"79ది ఉంచండన్నా."

ఆయన తలూపి పుల్లీ బోల్టులు బిగించారు. కరి ట్రాక్ పొడవు 2.1 కిలోమీటర్లే. మలుపులోంచి బయటపడి మళ్ళీ బ్రేకు తొక్కేలోపు ఇంజిన్ ఎక్కువసేపు ఉండేది ఆ మధ్య రేంజిలోనే. 81 అంకె నలుగురికి చెప్పుకోవడానికి బాగుంటుంది. ల్యాప్ టైము తగ్గించేది మాత్రం రెండో గీత.

రాత్రి తొమ్మిదికి బండి షెడ్డులో పెట్టాను. ఈసీయూలో ఇంకో అనలాగ్ ఇన్‌పుట్ ఖాళీగా ఉంది. అది ఆయిల్ ప్రెషర్ సెన్సర్‌కి. పొడవాటి మలుపుల్లో సంపులో (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) ఆయిల్ ఒక పక్కకి పోయి పంపుకి అందకపోతే, బేరింగులు పోకముందే ఈసీయూ ఇంజిన్ కట్ చేయాలి. సెన్సర్ కొని పెట్టే ఉంచాను. దాని ఎర్తు కూడా ఇవాళ చేసిన ఆ జాయింటుకే వెళ్తుంది. అందుకని అక్కడ హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) ఇంకా వేడి చేయలేదు.