గోడ మీది గెంతే సాలీడు: ఫోటోల పని ఎంతవరకు వచ్చిందంటే

బాల్కనీ గోడ మీద తిరిగే బూడిదరంగు గెంతే సాలీళ్ల ఫోటోలు ఇప్పుడిప్పుడే చూడదగ్గట్టు వస్తున్నాయి. మెనెమెరస్ బైవిటాటస్ అనే ఈ జాతి వేడి దేశాల్లో చాలాచోట్ల ఇళ్ల గోడల మీదే బతుకుతుంది. సెంటీమీటరు కూడా ఉండదు. ఒళ్లు చదునుగా ఉంటుంది కాబట్టి ఎంత సన్న సందులోకైనా దూరిపోతుంది. పొట్ట మీద నడిమధ్యన నల్ల చార ఉంటే మగది. ఆడది కాస్త గోధుమరంగు, దానికి చారలు పక్కలకుంటాయి.

ఫోను, చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా తీయడానికి దానికి తగిలించే క్లిప్ మాక్రో లెన్సు, అంతే సామాను. మూడు నాలుగు సెంటీమీటర్ల దగ్గరికి వెళ్తేగానీ ఫోకస్ కుదరదు, ఫోన్ నీడ పడిందా స్విచ్‌బోర్డు వెనక్కి మాయం. అందుకే వెలుతురుకి అడ్డం రాకుండా పక్కనుంచి వెళ్తున్నాను. మోచేతులు గోడకు ఆనించి, ఫోకస్ లాక్ చేసి, ఫోన్‌నే కొద్దికొద్దిగా ముందుకీ వెనక్కీ జరుపుతూ బర్స్ట్‌లో, అంటే వరసగా చకచకా బోలెడు ఫోటోలు తీయాలి. ఫ్లాష్ నేరుగా కొడితే కళ్లలో తెల్ల చుక్కే మిగులుతుంది. చిన్న ఎల్ఈడీ లైటుకి ట్రేసింగ్ పేపర్ అడ్డం పెట్టాక ముఖం మీది నూగు కూడా తెలుస్తోంది.

వెంటపడక్కర్లేదు, కదలకుండా ఉంటే అదే మనవైపు తిరిగి చూస్తుంది. ముందున్న రెండు పెద్ద కళ్లతో పోల్చుకుంటుంది, పక్కలనున్న కళ్లు చుట్టుపక్కల కదలికల మీద ఉంటాయి.

అసలు మజా వేటలో ఉంది. వేటకి వల కట్టదు. ఈగ వాలగానే ఒళ్లంతా అటు తిప్పుతుంది. ఈగ నడిస్తే తనూ నడుస్తుంది, ఆగితే ఆగిపోతుంది. బాగా దగ్గరపడ్డాక పొట్ట కొసను గోడకు తాకించి దారం అతికిస్తుంది, గురి తప్పినా కింద పడకుండా. ఆ తాకించడం కనిపించిందంటే బటన్ నొక్కేయాలి. ఒంట్లోని ద్రవం ఒత్తిడితో వెనక కాళ్లు ఒక్కసారిగా చాచుకుంటాయి, మన కంటికి మాత్రం ఇక్కడున్నది అక్కడ కనిపిస్తుంది, అంతే. గాల్లో ఉన్న ఫోటో ఇంకా దక్కలేదు.

మీటరు పెట్టె పక్క పగుల్లో ఒక ఆడది తెల్లటి గూడు అల్లి గుడ్లకు కాపలా కూర్చుంది. అచ్చం బూజే అనిపిస్తుంది, కాబట్టి బూజు కర్ర అటు రాకుండా అమ్మకి ముందే చెప్పాను. "సరేలే, పిల్లలు మాత్రం హాల్లోకి రాకూడదు" అంది.

ఇక పక్కనుంచి స్లో మోషన్ వీడియో తీసి, అందులోంచి ఫ్రేము ఏరుకోవాలి. దానికి ఇంకాస్త వెలుతురు కావాలి, రెండో లైటు చూస్తున్నాను.