కాలిఫోర్నియాలో, కరెంటు స్తంభం పక్కన

నేను మూడేళ్లు అమెరికాలో ఉండొచ్చానని మా మావయ్య ఇప్పటికీ పెళ్లిళ్లలో అందరికీ చెబుతుంటాడు. తప్పు ఆయనది కాదు. 2018 ఫిబ్రవరిలో ఫోన్ చేసి "కాలిఫోర్నియాలో ఇల్లు దొరికింది మావయ్యా" అన్నది నేనే. ఆ తర్వాత ఏం చెప్పినా ఆయన చెవికెక్కలేదు.

ఈ కాలిఫోర్నియా వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ దీవిలో ఉంది. కూవా అనే చిన్న పట్నాన్ని ఆనుకుని, పాయింట్ లీసాస్ పారిశ్రామికవాడ పక్కనే. అక్కడ అమ్మోనియా, మెథనాల్ ప్లాంట్లు వరసగా ఉంటాయి. కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో పదకొండేళ్లు ఇన్‌స్ట్రుమెంటేషన్ చూసినవాణ్ణి కాబట్టి ఒక ప్లాంటులో మూడేళ్ల కాంట్రాక్టు దొరికింది. పనిలో నాకు కొత్తేమీ కనబడలేదు. అమ్మోనియా వాసన ఎక్కడైనా ఒకటే. కొత్తంతా ఇంటి దగ్గరే.

బయల్దేరే ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని ఆ పసుపు కార్డు పాస్‌పోర్టుతో పాటు దాచుకోమన్నారు. ట్రినిడాడ్ వెళ్లేవాళ్లెవరైనా ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. వెళ్లేటప్పటికంటే వచ్చేటప్పుడు దానితో పని ఎక్కువ. అది లేకుండా అక్కణ్ణుంచి ఇండియాలో దిగితే, ఇంటికి పంపకుండా కొన్నాళ్లు విడిగా ఉంచేస్తారు.

కంపెనీ గెస్ట్‌హౌస్ రెండు వారాలే ఇచ్చింది. జీతం పడాలంటే బ్యాంకు ఖాతా కావాలి. ఖాతా కావాలంటే అడ్రసుకి రుజువు కావాలి. అంటే ఇల్లు కావాలి, ఇంటికి అడ్వాన్సు కావాలి, అడ్వాన్సుకి జీతం పడాలి. బ్యాంకులో అమ్మాయి నా కాగితాలన్నీ ఓపిగ్గా చూసి, "కార్నివాల్ అయ్యాక రండి" అంది. ఆ ఏడాది కార్నివాల్ ఫిబ్రవరి 12, 13 తేదీల్లో. నేను దిగింది జనవరి 20న. మన దగ్గర సంక్రాంతి వారంలో గోదావరి జిల్లాల్లో పని జరగదని తెలిసినవాణ్ణే గానీ, పండక్కి మూడు వారాల ముందునుంచే దేశం దేశమంతా ఇలా ఉంటుందని ఊహించలేదు.

మొదట చూసిన ఇంటి సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది. ఆన్‌లైన్లో ప్రకటన చూసి వెళ్లాను. ఇల్లు బాగుంది. "వేరేవాళ్లు కూడా అడుగుతున్నారు, ఐదు వందలు ఇస్తే మీకోసం ఆపుతాను" అన్నాడు ఆ పెద్దమనిషి. ట్రినిడాడ్ డాలరు అప్పట్లో మన తొమ్మిది, పది రూపాయలు. ఇచ్చాను. రెండోరోజు నుంచి అతని ఫోను పలకలేదు. రసీదు అడగలేదేమని ప్లాంటులో అందరూ నన్నే తిట్టారు.

రెండో ఇంటికి సాయంత్రం ఏడింటికి వెళ్లాను. అక్కడ చాలా ఇళ్లు స్తంభాల మీద కడతారు. పైన ఇంటివాళ్లుంటారు, కింద ఖాళీ జాగాలో ఊయల కట్టుకుని కూర్చుంటారు. కొందరు ఆ జాగాకే గోడలు లేపి అద్దెకిస్తారు. గేటు దగ్గర నిలబడి "గుడ్ ఈవినింగ్ ఆంటీ" అన్నాను. పైనుంచి డెబ్బై ఏళ్లావిడ తొంగిచూసి "గుడ్ నైట్!" అంది. అంతే, వెనక్కి తిరిగాను.

"ఎక్కడికి పోతున్నావు? ఇల్లు చూడవా?"

చీకటి పడితే అక్కడ "గుడ్ నైట్" అంటే పలకరింపే. పైగా పలకరించకపోవడం పెద్ద తప్పు. టాక్సీ ఎక్కినా, క్లినిక్‌లోకి అడుగుపెట్టినా ముందు అందరికీ కలిపి ఒక గుడ్ మార్నింగ్ పడాలి. మన దగ్గర డాక్టరు గది ముందు కూర్చున్నవాళ్లందరికీ నమస్కారం పెడితే ఎలక్షన్లో నిలబడ్డావా అంటారు.

ఆంటీ అడిగిన ప్రశ్నలు మూడే. తాగుతావా? రాత్రిళ్లు మ్యూజిక్ గట్టిగా పెడతావా? ఇంట్లో బీఫ్ వండుతావా? కాకినాడలో అద్దె ఇళ్లు వెతికిన రోజుల్లో గుమ్మంలోనే ఎదురయ్యే ప్రశ్న "మీరేవిట్లు?" అని. దానికి జవాబు సిద్ధం చేసుకునే వెళ్లాను. ఆవిడ అడగలేదు.

నెలకి మూడున్నర వేలు, ఒక నెల డిపాజిట్. నీళ్లు అద్దెలోనే, కరెంటు బిల్లు నాది, అది రెండు నెలలకోసారి వస్తుంది. కిటికీలన్నిటికీ ఇనప ఊచలు, వరండాకి ఊచలు, ఊచలకి తాళాలు. దొంగల భయం గురించి వాళ్లు మనం వర్షం గురించి మాట్లాడుకున్నంత మామూలుగా మాట్లాడతారు. "పది దాటాక గేటు బయట నిలబడి ఫోన్ మాట్లాడకు" అనేది ఆంటీ పెట్టిన ఏకైక షరతు. అగ్రిమెంటు ఒక తెల్లకాగితం, ఆవిడే చేత్తో రాసింది. రసీదు నేనే అడిగి తీసుకున్నాను.

ఆ కాగితం మీద ఇంటి నంబరు లేదు. "ఎల్.పీ." అని, దాని పక్కన ఒక అంకె. లైట్ పోల్ అట. ఇంటి ముందు కరెంటు స్తంభానికి కొట్టిన నంబరే ఇంటి అడ్రసు. అటూ ఇటూ ఉన్న నాలుగైదు ఇళ్లకీ అదే. బ్యాంకు కూడా కార్నివాల్ అయ్యాక దాన్నే ఒప్పుకుంది, ఆంటీ రాసిచ్చిన ఉత్తరం, ఆవిడ కరెంటు బిల్లు జతచేస్తే. ఆవకాయ పార్సిల్ కోసం అమ్మ అడ్రసు రాసుకుంటూ, "స్తంభం పక్కన ఇల్లా, స్తంభమే ఇల్లా?" అంది.

ఆవకాయ కన్నా ముందు అమ్మ టెన్షన్ తగ్గించింది ఆంజనేయస్వామి. కూవాకి దగ్గర్లో కారపిచైమా అనే ఊళ్లో ఎనభై ఐదు అడుగుల హనుమంతుడి విగ్రహం ఉంది, దత్తాత్రేయుడి గుడి ప్రాంగణంలో. మైసూరు గణపతి సచ్చిదానంద స్వామి ఆధ్వర్యంలో కట్టింది. గోపురం అచ్చం మన గుళ్లలాగే ఉంటుంది. ఆంటీ ఒక ఆదివారం తీసుకెళ్తే, వీడియో కాల్ చేసి అమ్మకి చూపించాను. "అయితే ఫర్వాలేదు, మనవాళ్లే" అంది. అమ్మ దృష్టిలో ఆ రోజుతో ట్రినిడాడ్ సెటిలైపోయింది.

వచ్చేటప్పుడు ఆంటీ వాటర్‌లూ దగ్గర సముద్రంలో ఉన్న గుడికీ తీసుకెళ్లింది. శివదాస్ సాధు అనే చెరుకు కూలీ 1947లో తీరాన గుడి కట్టుకుంటే, ఆ నేల చక్కెర కంపెనీదని పడగొట్టించారు. ఆయన్ని జైల్లో కూడా పెట్టారు. బయటికొచ్చి, సముద్రానికి ఓనరు లేడు కదా అని నీళ్లలోకి రాళ్లు మోసి, ఏళ్ల తరబడి మళ్లీ కట్టాడు. అద్దె ఇంటివాణ్ణి కదా, నాకు ఆ కథ కొంచెం ఎక్కువే పట్టుకుంది.

ఆంటీ పెద్దలు వచ్చింది కూడా చెరుకు కోతకే. 1845 నుంచి 1917 దాకా దాదాపు లక్షా నలభై నాలుగు వేలమంది ఇండియా నుంచి కాంట్రాక్టు మీద అక్కడికొచ్చారు. ఐదేళ్ల ఒప్పందం. ఎక్కువమంది కలకత్తా రేవులో ఓడెక్కిన బీహారు, ఉత్తరప్రదేశ్ వాళ్లు. మద్రాసు రేవు నుంచి వచ్చింది కొద్దిమంది. తన అమ్మమ్మవైపువాళ్లు మద్రాసీలని ఆంటీ చెప్పింది. మద్రాసీ అంటే తమిళమా, తెలుగా అని అడిగితే, "మద్రాసీ అంటే మద్రాసీ" అంది.

ఓరోజు పైనుంచి పోపు వాసన దిగింది. మెట్లెక్కి "కరివేపాకు ఎక్కడ దొరికింది ఆంటీ?" అన్నాను ఇంగ్లీషులో, కరీ లీఫ్ అని. "కరపులే సంగతా?" అంది. పెరట్లో పెద్ద చెట్టే ఉంది, నేనే చూసుకోలేదు. కరువేప్పిలై, కరివేపాకు, కరపులే. భాష పోయింది, పాటలు పోయాయి, చీర పెళ్లిళ్లకి మిగిలింది, ఈ ఆకు పేరు మాత్రం అంత దూరం వచ్చి ఉంది. ఆంటీకి ఇదంతా చెబితే మర్యాదకి విని, "మరి నీకు కావాలా వద్దా?" అంది.

కూరల పేర్లు నేర్చుకోవడమే ఒక కోర్సు. కాకరకాయ కరైలీ, బెండకాయ ఓక్రో, తోటకూర భాజీ. పొడుగు బొబ్బర్లని బోడి అంటారు. మార్కెట్లో ఒకామె "బోడి కావాలా?" అన్నప్పుడల్లా నాకు నవ్వాగేది కాదు. చాగువానస్ మార్కెట్లో అన్నీ దొరికేవి, ఒక్క కందిపప్పు తప్ప. వాళ్లు పప్పంటే పసుపుపచ్చ బఠాణీ పప్పు. విచిత్రమేమిటంటే కంది మొక్క లేని పెరడు లేదు! కాయ పచ్చిగా ఉండగానే వలిచి పెలావ్‌లో వేసేసుకుంటారు. పెలావ్ అంటే కోడి, అన్నం, కంది గింజలు కాల్చిన పంచదార రంగులో కలిసి ఉడికిన వంటకం. నేను ఆంటీ పెరట్లో కాయలు కొన్ని ముదరనిచ్చి, ఎండబెట్టి, సీసాతో దొర్లించి పప్పు చేశాను. రెండు రోజుల కష్టానికి ఒక పూట ముద్దపప్పు. ఆంటీ తిని, "ఇంతకోసమా?" అంది.

ఇంకో కష్టం మిక్సీ. అక్కడ ప్లగ్గుల్లో 115 వోల్టులు. ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీర్ని అయ్యుండీ కాకినాడ నుంచి 230 వోల్టుల మిక్సీ మోసుకొచ్చాను. కొబ్బరి వేస్తే తిరగడానికి బదులు మూలిగింది. తర్వాత తట్టింది, పెద్ద ఏసీల కోసం ఇళ్లకి 230 కూడా వస్తుందని. వంటింట్లో ఆ సాకెట్ ఒకటి వేయమని ఒక ఎలక్ట్రీషియన్ని పిలిస్తే "జస్ట్ నౌ" వస్తానన్నాడు. అక్కడ జస్ట్ నౌ అంటే ఇప్పుడు కాదు. మన "ఇదిగో, దార్లో ఉన్నా" లాంటిదే. తొమ్మిదో రోజున వచ్చాడు.

నీళ్లు మాత్రం నవ్వుకునే విషయం కాదు. జనవరి నుంచి మే దాకా ఎండకాలం, కుళాయి వారంలో కొన్ని రోజులే వచ్చేది. అందుకే ప్రతి ఇంటి పక్కనా నల్ల ట్యాంకులు. ఇల్లు చూడ్డానికి వెళ్తే టైల్స్ చూడకండి, ట్యాంకులు లెక్కపెట్టండి, పంపు ఎవరిదో అడగండి. జూన్ నుంచి వానలు. అవి మొదలయ్యాక నాకు వేరే భయం పట్టుకుంది. 1996 నవంబరు తుపాను కోనసీమని ఏం చేసిందో కళ్లారా చూసినవాణ్ణి. హరికేన్ వార్తలొస్తే నిద్ర పట్టేది కాదు. ఆంటీ మాత్రం "దేవుడు ట్రినీ" అనేది. ట్రినీ అంటే ట్రినిడాడ్ వాడు, అది అక్కడి సామెత. దీవి బాగా దక్షిణాన ఉండటంతో హరికేన్లు చాలావరకు దానికి ఉత్తరంగానే పోతాయి.

దేవుడు మర్చిపోయింది ఇంకోటి. ఆగస్టు 21 సాయంత్రం ఐదున్నరకి భూమి ఊగడం మొదలుపెట్టి ఎంతకీ ఆగలేదు. వెనెజులా తీరాన భూకంపం, తీవ్రత 7.3. నా నెత్తిన ఇల్లు, ఇంటి కింద స్తంభాలు, మధ్యలో నేను. ఊచల గేటుకి తాళం. తాళంచెవి ఎక్కడుందో గుర్తురాలేదు. ట్యాంకుల్లో నీళ్లు పొర్లుతుంటే పైనుంచి ఆంటీ "బేటా, బయటికి!" అని అరుస్తోంది. ఆ రాత్రే గేటు పక్కన మేకు కొట్టి చెవి తగిలించాను. దొంగల కోసం పెట్టుకున్న ఊచలు మనల్నే పట్టి ఉంచుతాయని అంతకుముందు ఎందుకు తట్టలేదో!

జీతం గురించి ఒక్కమాట. లెక్కకి బాగానే కనబడుతుంది, కానీ వచ్చేది వాళ్ల డాలర్లలో. ఇంటికి పంపాలంటే అమెరికన్ డాలర్లు కొనాలి, బ్యాంకు అడిగినన్ని అమ్మదు. దేశంలో డాలర్ల కొరత. కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు జీతంలో కొంత భాగం అమెరికన్ డాలర్లలో ఇస్తారా అని అడగాలని నాకెవరూ చెప్పలేదు. నేను అందరికీ చెబుతున్నాను.

నవంబరు 30న పాయింట్-ఆ-పియర్ రిఫైనరీ మూతపడింది. వేలమంది ఉద్యోగాలు పోయాయి, అందులో ఆంటీ అల్లుడిది ఒకటి. వాళ్లూ అద్దె ఇంట్లోనే ఉండేవాళ్లు. డిసెంబరు మొదటివారంలో ఆంటీ రెండుసార్లు పెలావ్ గిన్నె పట్టుకుని కిందికొచ్చింది, కూర్చుంది, వాతావరణం గురించి మాట్లాడి వెళ్లిపోయింది. మూడోసారి నేనే అన్నాను, "అమ్మాయిగారు వస్తున్నారా ఆంటీ?" అని. ఆవిడ గిన్నె మూత సర్దుతూ ఉండిపోయింది.

జనవరి నెలాఖరుకి చాగువానస్‌లో ఇల్లు చూసుకున్నాను. వెళ్లే రోజు ఇద్దరం కలిసి కరెంటు మీటరు చదివాం. ఆవిడ డిపాజిట్ మూడున్నర వేలూ కవర్లో పెట్టి, లెక్కపెట్టుకునేదాకా ఎదురుగా నిలబడింది. మేకు పీకేయనా అంటే, ఉంచమంది, మనవలకి పనికొస్తుందని. పాత పెయింటు డబ్బాలో జానెడు కరపులే మొక్క కారులో పెట్టింది. వెనకసీట్లో పెడితే వాలిపోతుందని ముందుసీట్లో పెట్టి బెల్టు వేసింది.

కొత్త ఇల్లు రెండో అంతస్తు, మట్టి లేదు. డబ్బాని బాల్కనీ ఊచల పక్కన పెట్టి అమ్మకి ఫోన్ చేశాను. అడ్రసు రాసుకోమన్నాను.

"మళ్లీ స్తంభమేనా?" అంది.