మొదటి బైండర్‌ని నేనే పాడుచేసుకున్నాను

నా మొదటి బైండర్ మూడు నెలలు కూడా రాలేదు. తప్పు దానిది కాదు, నాదే. ఉతకడమంటే సబ్బు రాసి, బ్రష్షు కొట్టి, బండకేసి బాది, మెలితిప్పి పిండి, డాబా మీద మిట్టమధ్యాహ్నం ఆరేయడమే అనుకున్నాను. మే నెలలో బెజవాడ ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. ఆ ఎండలో వేశాను.

తెలియనివాళ్లకు ఒక మాట. బైండర్ అంటే ఛాతీ చదునుగా కనబడేలా బిగించి పట్టే లోపలి బనీను. నాలాంటి ట్రాన్స్ మగవాళ్లు, అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అనుకున్నా మగవాళ్లుగా బతికేవాళ్లు, వేసుకుంటారు. ఎక్కువగా నైలాన్‌లో స్పాండెక్స్ కలిపి చేస్తారు. బట్టల షాపుల్లో లైక్రా అనేది దాన్నే. సాగి మళ్లీ వెనక్కి వచ్చే గుణం దానిదే. ఇది కొనకముందు, కాలు బెణికితే చుట్టే క్రేప్ బ్యాండేజీ చుట్టుకునేవాణ్ణి. ఆ పని మాత్రం ఎవరూ చేయకండి. కదిలేకొద్దీ బిగుసుకుపోయి పక్కటెముకలు నొప్పి, ఊపిరాడదు. (ఇక్కడ ధైర్యంగా 'వాణ్ణి' అని రాస్తున్నాను గానీ, అప్పట్లో ఇంట్లో నోరు జారకుండా 'దాన్ని' అనే అనేవాణ్ణి.)

మేముండేది సత్యనారాయణపురంలో రెండు గదుల పోర్షన్‌. డాబా మీద దండెం అందరిదీ. ఓనర్ ఆంటీ ఒకరోజు "ఇదేం జాకెట్టే, చేతుల్లేవు, హుక్కుల్లేవు" అని అడిగేసరికి టెన్షన్ పట్టుకుంది. అప్పట్నుంచి రాత్రిపూట ఉతికి మంచం కింద, ట్రంకుపెట్టె వెనకాల ఆరేసేవాణ్ణి. గాలి తగలదుగా, పొద్దున్నకి తడి తడిగానే ఉండేది. అదే ఎక్కించుకుని బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసుకి బస్సెక్కేవాణ్ణి. వారం తిరక్కుండా చంకల కింద ఒరిసిపోయి, వీపంతా చెమటకాయలు.

అమ్మ జాకెట్లు కుడుతుంది. ఒక ఆదివారం నేను స్నానం చేసి వచ్చేసరికి మిషన్ ముందు కూర్చుని, నా బైండర్‌ని రెండు చేతులతో లాగి వదులుతోంది. నాకు కాళ్లు ఆడలేదు.

"ఇది లైక్రా కదా, ఎండలో వేశావా?" అంది.

ఏమిటిది, ఎందుకిది అని అడగలేదు. అంచు తిప్పి చూపించింది. కుట్టు పక్కన సన్నటి తెల్లటి పోగులు వెంట్రుకల్లా పైకి తేలి ఉన్నాయి. "రబ్బరు చచ్చిపోయింది నాన్నా. ఇక సాగడమే గానీ రావడం ఉండదు." అమ్మ నన్ను చిన్నప్పట్నుంచీ నాన్నా అనే పిలుస్తుంది. ఆడపిల్లల్నీ అలాగే పిలుస్తారు కాబట్టి దాన్నిబట్టి నేనేమీ తేల్చుకోలేను.

రెండోది కొన్నాక అమ్మ చెప్పినట్టే చేశాను. అన్నిటికన్నా కష్టం చన్నీళ్లు. నవ్వకండి. వేసవిలో డాబా మీద ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చెయ్యి పెడితే కాలతాయి, రాత్రి తొమ్మిదింటికీ గోరువెచ్చగానే వస్తాయి. లైక్రాకి వేడే శత్రువు. అందుకని తెల్లారగట్లే ఒక బకెట్ పట్టి బాత్రూం మూల పెడతాను. రాత్రి అందులో స్వెటర్లకు వాడే లిక్విడ్ ఒక మూత వేసి, బైండర్‌ని లోపలివైపు పైకి తిప్పి పది నిమిషాలు నానబెడతాను. తర్వాత బియ్యం కడిగినంత మెత్తగా అరచేతులతో నొక్కడమే. చంకల దగ్గర మాత్రం వేళ్లతో కాస్త ఎక్కువసేపు. నురగ పూర్తిగా పోయేదాకా జాడించాలి, సబ్బు మిగిలితే ఒంటికి దురద. బ్లీచింగ్ వద్దు, బట్టలకు వాసన కోసం వేసే కండిషనరూ వద్దు. అది పోగులకు పూతలా పట్టి బిగువు తగ్గిస్తుంది.

పిండకూడదు. పొడి టవల్ మీద పరిచి, చాప చుట్టినట్టు చుట్టి మోకాలితో నొక్కితే నీళ్లన్నీ టవల్ తాగేస్తుంది. భుజాలు పట్టి వేలాడదీస్తే తడి బరువుకి సాగిపోతుంది కాబట్టి, నవారు మంచం మీద ఫ్యాన్ కింద పరుస్తాను. అదీ ముందు గదిలోనే. పొద్దున్నకి ఆరిపోతుంది. వానాకాలంలో ఆరదు, ముక్కవాసన కూడా వస్తుంది, అందుకే డబ్బులు కూడబెట్టి ఇంకొకటి కొన్నాను. రోజు మార్చి రోజు వేసుకుంటే మధ్యలో రబ్బరుకీ విశ్రాంతి. చెమటతో అలాగే వదిలేసినా పాడవుతుంది కాబట్టి ఎండాకాలంలో ఏ రోజుది ఆ రోజే.

ఎనిమిది గంటలకు మించి వేసుకోకూడదంటారు. నాకు ఆఫీసూ బస్సూ కలిపి పది అవుతుంది. లంచ్‌లో బాత్రూంలోకి వెళ్లి కాసేపు తీసేస్తాను, ఇంటికి రాగానే మొదటి పని అదే. దాంతో పడుకోను.

మొన్న రెండోదీ కొంచెం వదులైంది. పక్కకుట్లు లోపలికి వేసి బిగించమని అమ్మని అడిగాను. టేపు తీసి నా ఛాతీ చుట్టూ వేసింది. "గట్టిగా ఊపిరి పీల్చు. ఇప్పుడు వదులు." టేపు మీద రెండు వేళ్లు ఆనించి చూపించింది. "పీల్చినప్పటికీ వదిలినప్పటికీ ఇంత తేడా ఉంది. నువ్వు చెప్పినట్టు కుడితే ఈ రెండు వేళ్లు ఎక్కడికి పోతాయి?"

కుట్టలేదు. ఇప్పుడు ఆ బైండర్ మిషన్‌కి నూనె వేశాక తుడిచే గుడ్డ.