లక్ష్మీదేవిపేట వాన, రీయూనియన్ వాన

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ రాత్రి హన్మకొండలో మా వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు, కరెంటు లేదు, తెల్లవార్లూ టెన్షనే. అందుకే నిన్న మా బాబు భూగోళం పాఠంతో పాటు రీయూనియన్ గురించి చదువుతుంటే ఒళ్లు జలదరించింది. హిందూ మహాసముద్రంలో అగ్నిపర్వతాల వల్ల పుట్టిన దీవి అది. 1966 జనవరి తుఫానులో అక్కడి ఫోక్‌ఫోక్‌లో 24 గంటల్లో 1,825 మిల్లీమీటర్లు! మన వరంగల్‌లో మామూలుగా ఏడాదంతా కలిపినా అంత పడదు. సముద్రం మీది తడిగాలి 3 వేల మీటర్లు దాటిన కొండలకు తగిలి పైకెక్కి, చల్లబడి, తూర్పు వైపే కుమ్మరించేస్తుందట. పడమటి తీరానికి మిగిలేది చాలా తక్కువ. ఒకే చిన్న దీవిలో ఇంత తేడానా! బాబు కంటే నాకే ఎక్కువ ఆశ్చర్యంగా ఉంది.