గ్రూప్ ప్రాజెక్టులో పోస్టర్ ఎవరు వేశారు?

విదేశంలో మేముంటున్న చోట స్కూళ్లలో చిన్న తరగతుల నుంచే లీడర్‌షిప్ గురించి చెబుతుంటారు. పిల్లలు హైస్కూలుకి వచ్చేసరికి కాలేజీ అప్లికేషన్‌లో ఏం రాయాలన్న టెన్షన్ మన ఇళ్లలో మొదలవుతుంది. టీమ్ కెప్టెనో, క్లబ్ ప్రెసిడెంటో, ఏదో ఒక పదవి ఉంటే చాలనిపిస్తుంది. ఆ తొందర నాకూ తెలుసు. కానీ పదవి వచ్చాక పిల్లలు తోటివాళ్లతో ఎలా ఉంటున్నారో అడిగే తల్లిదండ్రులు తక్కువ.

గ్రూప్ ప్రాజెక్టుల సంగతే చూడండి. మార్కులు ఎక్కడ తగ్గుతాయోనన్న భయంతో మన పిల్లల్లో చాలామంది నలుగురి పనీ ఒక్కరే నెత్తిన వేసుకుంటారు. అర్ధరాత్రి దాకా కూర్చుని పూర్తిచేసి, మిగతావాళ్లు ఏమీ చేయలేదని విసుక్కుంటారు. ఎంత కష్టపడుతోందో అని మనం మురిసిపోతాం. మా అమ్మాయి ఇలాగే చెప్పినప్పుడు, "వాళ్లకి ఏ పని ఇచ్చావమ్మా?" అని అడిగాను. గ్రూపులో ఒకబ్బాయి బొమ్మలు బాగా వేస్తాడట. అయినా అతను టైముకి ఇవ్వడేమోనని పోస్టర్ కూడా తనే వేసేసింది. తన భయం నిజమే కావచ్చు, కానీ ఆ అబ్బాయికి తన చేతనైన పని చేసే అవకాశమే రాలేదు. ఆ మాట చెబితే కాసేపు అలిగింది. తర్వాతి ప్రాజెక్టులో పోస్టర్ అతనికే ఇచ్చింది. అది తను అనుకున్నట్టు రాలేదట. అయినా దిద్దకుండా వదిలేసింది. ఏ గ్రేడు వచ్చినప్పటికంటే ఆ రోజే నాకు ఎక్కువ గర్వంగా అనిపించింది.

1930ల చివర్లో అమెరికాలోని అయోవాలో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు పదేళ్ల వయసు అబ్బాయిలను చిన్న చిన్న క్లబ్బులుగా చేసి గమనించారు. కొన్ని క్లబ్బుల్లో వాటిని నడిపే పెద్దాయన ఆజ్ఞలే నడిచాయి, కొన్నిట్లో పిల్లలతో చర్చించి పని పంచుకున్నారు. ఆజ్ఞలు నడిచిన చోట పెద్దాయన గది దాటగానే పని కుంటుపడింది. చర్చించుకున్న చోట ఆయన లేకపోయినా సాగింది. నేను లేనప్పుడు మా ఇంట్లో పనులు ఎలా జరుగుతున్నాయా అని అప్పుడప్పుడు చూసుకుంటూ ఉంటాను.

మా పిల్లలకు నేను ఎక్కువసార్లు చెప్పింది సతీశ్ ధావన్ గారి గురించి. 1979 ఆగస్టులో ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం విఫలమై రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేకరుల ముందుకు మాత్రం ఇస్రో చైర్మన్ ధావన్ వెళ్లారు, వైఫల్యాన్ని తన మీద వేసుకున్నారు. 1980 జూలైలో ఎస్‌ఎల్‌వీ-3తోనే రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు ప్రెస్‌తో మాట్లాడమని కలాంను పంపారు. కలాం ఈ సంగతిని తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు.

మా అబ్బాయి ఒప్పుకోలేదు. "ధావన్ గారు చేయని తప్పుకి ఆయనెందుకు మాట పడాలి?" అన్నాడు. మంచి ప్రశ్న. ఎవరి పొరపాటో ఇస్రో లోపల తేల్చుకునే ఉంటారు, ఎక్కడ తేడా వచ్చిందో వెతికి సరిచేశారు కాబట్టే రెండోసారి సాధించారు అన్నాను. బయటివాళ్ల ముందు మనిషిని కాపాడటం, లోపల తప్పును దాచకపోవడం, రెండూ కలిసే ఉండాలి. మొదటిది మాత్రమే ఉంటే మొహమాటం అయిపోతుంది.

నేను పెరిగిన ఇంట్లో పెద్దవాళ్ల ముందు నోరెత్తడం తప్పు. ఇక్కడ నోరెత్తని పిల్లాణ్ణి టీచరు గమనించనే గమనించరు. ఎదుటివాళ్లు మాట పూర్తిచేసేదాకా ఆగడం, వయసుని గౌరవించడం నా పెంపకం నుంచి మా పిల్లలకు కావాలి. నచ్చనిది నచ్చలేదని చెప్పే ధైర్యం వాళ్ల స్కూలు నుంచి కావాలి. అందుకే మా ఇంట్లో నా మాట కూడా కాదనొచ్చు. కారణం చెప్పాలి, గొంతు పెంచకూడదు, అవతలివాళ్లు ఏమన్నారో ముందు తన మాటల్లో చెప్పగలగాలి. ఈ మూడోది పిల్లలకంటే మా ఇద్దరికే కష్టంగా ఉంటుంది.

ఈమధ్య సెలవుల ప్రయాణం ప్లాన్ మొత్తం మావాడికి అప్పగించాం. ఖర్చు ఎంతలో ఉండాలో మాత్రం చెప్పాం. అందరికంటే ముందు వెళ్లి చెల్లెల్ని అడిగాడు. తనకి కావలసినది లిస్టులో చివరన రాసుకున్నాడు, డబ్బు సరిపోక అదే తీసేశాడు. తీసేసినట్టు వాడు మాకు చెప్పలేదు, చెల్లెలే వచ్చి చెప్పింది. వచ్చే సెలవుల ప్లాన్ తనదేనంది.