గుణదల కొండ మీద నేను కొట్టలేకపోయిన కొబ్బరికాయ

తెనాలి నుంచి విజయవాడకి రైల్లో గంట కూడా పట్టదు, అయినా అక్కడి గుణదల మేరీమాత కొండకి వెళ్లడానికి నాకు మూడేళ్లు పట్టింది. ప్రతి ఫిబ్రవరిలో మా వీధి పెద్దమ్మ అడుగుతూనే ఉంది, నేను ఏదో ఒక వంక చెబుతూనే ఉన్నాను.

అసలు సంగతి చెప్తాను. ఏడేళ్ల క్రితం అమ్మని సమాధి చేసిన మర్నాడు, ఆవిడ రెండు పేటల గొలుసు బీరువాలో కనపడలేదు. చివరి నెలంతా అమ్మ దగ్గర ఉన్నది అక్క. ఇంటినిండా చుట్టాలుండగా, అక్క అత్తగారు కూడా అక్కడే ఉండగా, "నువ్వే తీశావు" అనేశాను. అక్క ఏడుస్తూ వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. నాలుగేళ్లకి నాన్న కూడా పోయాక ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే తాకట్టు రసీదు దొరికింది. అమ్మ ఆసుపత్రి ఖర్చుల కోసం నాన్నే గొలుసు కుదువ పెట్టి, విడిపించలేక, ఎవరికీ చెప్పలేక ఊరుకున్నాడు.

రసీదు దొరికిన రోజే అక్కకి ఫోన్ చేసి ఉండాల్సింది. చెయ్యలేదు. తెలియక అన్న మాట కంటే, తెలిశాక మూడేళ్లు నోరు మూసుకోవడమే నన్ను ఎక్కువ తినేసింది. వెనకవి మరిచి ముందుకు సాగమని పునీత పౌలు ఫిలిప్పీయులకు రాసిన మాట ఉంది కదా, దాన్ని దుప్పటిలా కప్పుకుని పడుకున్నాను.

ఈసారి పదో తారీఖున వెళ్లాం. తిరునాళ్లు 9, 10, 11 తేదీల్లో జరుగుతాయి. 1858లో ఫ్రాన్స్‌లోని లూర్దులో బెర్నదెత్త అనే పద్నాలుగేళ్ల పిల్లకి మాత మొదటిసారి కనిపించింది ఫిబ్రవరి 11నే, అందుకే ఆ రోజు ఇసుకేస్తే రాలనంత జనం. ఇక్కడ మాత స్వరూపాన్ని 1924లో ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ ఆర్లాటి పెట్టించారట, కొండ మీది ఇనుప సిలువ 1933 నాటిది. తలనీలాలు ఇచ్చేవాళ్లు, కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, ఏడ్చే పసిపిల్లలు. ఇవన్నీ క్రైస్తవం కాదని మా బంధువుల్లో కొందరు దెప్పుతుంటారు కానీ, మా అమ్మ మొక్కింది ఇలాగే, నాకు ఇంకోలా మొక్కడం రాదు.

కింద పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, వరసలో నిలబడ్డాను. ఫాదర్ గారు అంతా విని, ప్రార్థనలు చెప్పి, "దేవుణ్ణి అడిగావు, బాగానే ఉంది. మీ అక్కని ఎప్పుడు అడుగుతావమ్మా?" అన్నారు. నేను పౌలు మాట ఎత్తాను. ఆయన నవ్వి, అదే అధ్యాయంలో ఏడు వచనాలు పైకి చూడమన్నారు. బయటికొచ్చి ఫోన్లో బైబిలు తెరిచాను. సంఘాన్ని హింసించినవాడినని పౌలు అక్కడ తన నోటితోనే చెప్పుకున్నాడు, దాచిపెట్టి మరిచిపోలేదు. అన్నాళ్లుగా ఆ ఒక్క వాక్యమే చదువుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

జపమాల చెప్పుకుంటూ మెట్లెక్కాం. పెద్దమ్మ మోకాళ్లు పట్టుకుని పది మెట్లకోసారి కూర్చుంటోంది. గుహ దగ్గరికి వచ్చాక కొబ్బరికాయ చేతిలో పట్టుకుని ఆగిపోయాను. బలిపీఠం దగ్గర నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి సువార్తలో ప్రభువు అన్నాడే, ఆ మాట అడ్డం తగిలింది. కాయ పెద్దమ్మ చేతికిచ్చి పక్కకెళ్లి అక్కకి ఫోన్ చేశాను. మైకుల గోలలో సగం అరుస్తూ, సగం ఏడుస్తూ గొలుసు సంగతీ రసీదు సంగతీ, మూడేళ్లుగా తెలుసన్న సంగతీ చెప్పేశాను. అక్క ఒక్క మాట కూడా అనకుండా పెట్టేసింది.

కొండ దిగుతుంటే కాళ్లు వణికాయి. తేలికపడ్డానని చెప్పను, అబద్ధమవుతుంది. కానీ దాచడానికి ఇంక ఏమీ లేదు, ఆ రాత్రి చాలా రోజులకి నిద్రపట్టింది.

మర్నాడు సాయంత్రం అక్కే చేసింది. "ఆ రసీదు ఉందా, పారేశావా?" అంది.

"ఉందక్కా."

"అయితే పట్టుకురా. మా అత్తగారికి చూపించాలి."

ఆదివారం పూజ అవగానే ఏలూరు వెళ్తున్నాను. రసీదు మడతల దగ్గర చిరుగుతోంది, ప్లాస్టిక్ కవర్లో పెట్టాను.